అరిగే పని దారానికి అప్పజెప్పు

మీ ఇంట్లో పాత గుడ్డ పర్సు ఏదైనా ఉంటే, ఈ కబుర్లు చదివేముందు తీసి చేతిలో పట్టుకోండి. ఎక్కడ చినిగిందో చూడండి. నట్టనడుమ చినగదు. మడత పడే గీత మీద చినుగుతుంది, మూలల దగ్గర చినుగుతుంది, చిల్లర పైసలు రోజంతా రుద్దుకునే అడుగున చినుగుతుంది. తక్కిన గుడ్డంతా దిట్టంగానే ఉంటుంది. నూటికి తొంభై పాళ్లు బాగున్న గుడ్డను మూడు చిన్న చిరుగుల కోసం పారేస్తాం.

ఎందుకట్లా జరుగుతుంది? నూలు పోగును విప్పి చూస్తే అందులో సన్నటి పత్తి పీచులు ఉంటాయి. ఒక్కో పీచు పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు. ఆ పొట్టి పీచులను పురి పెట్టి మీటర్ల కొద్దీ పోగు చేస్తారు. వాటిని ఒకదానికొకటి పట్టి ఉంచేది జిగురు కాదు, రాపిడి. పురి బిగిసేకొద్దీ పీచులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, జారిపోకుండా నిలుస్తాయి. పర్సు మూల జేబుకు రుద్దుకున్నప్పుడల్లా ఒకటో రెండో పీచుల కొసలు బయటికి లేస్తాయి. అదే మనకు నూగులాగా కనబడుతుంది. నూగు రాలిన కొద్దీ పోగు సన్నబడుతుంది, ఒకరోజు తెగుతుంది. ఒక పోగు తెగగానే దాని బరువు పక్క పోగు మీద పడుతుంది. ఇక చిరుగు దానంతట అదే నడిచిపోతుంది.

మొన్న నిజామాబాద్ నుంచి బోధన్ వచ్చిన మనవరాలు ఫోన్‌లో జపాన్ గుడ్డ పర్సులు చూపించింది. ముదురు నీలం గుడ్డ, దాని మీద తెల్ల దారంతో వరసలు వరసలుగా కుట్లు.

“తాత, గింత గుడ్డ ముక్కకు అంత ధరేంది?”

“ధర గుడ్డకు కాదు బిడ్డా, దాని మీద చేసిన పనికి.”

“పనేముంది? సూది కిందికి మీదికి పోవుడే గదా. అవ్వ బొంత గూడ గట్లనే కుడుతది.”

“మరి అవ్వ బొంత ఎన్నేండ్లు వస్తుంది?”

ఆ పిల్ల ఆలోచనలో పడ్డది. వాళ్లమ్మ పుట్టినప్పుడు కుట్టిన బొంత మా ఇంట్లో ఇంకా మంచం మీదే ఉంది. అందులోని చీరలు వాటి కాలంలోనే పాతవి. పాత చీరలు కలిసి కొత్త చీర కన్నా ఎక్కువ కాలం ఎట్లా నిలిచాయి? ఈ ప్రశ్న వెంట పోతే జపాన్‌కూ చేరతాం, మన బోధన్ షక్కర్‌నగర్‌కూ చేరతాం.

జపాన్‌లో ఈ కుట్టును సాషికో అంటారు. పుట్టింది దర్జా కోసం కాదు, చలికి. ఆ దేశపు ప్రధాన దీవికి ఉత్తర కొసన ఉండే అవొమోరి ప్రాంతంలో మంచు విపరీతం. అక్కడ పత్తి పండదు. రైతులు నార బట్ట కట్టుకునేవారు. నార నేతలో సందులు పెద్దవి, చలిగాలి సూటిగా దూరుతుంది. పైగా 1724లో అక్కడి సుగారు సంస్థానం రైతులు నూలు బట్టలు కట్టరాదని ఆంక్ష పెట్టింది. నూలు గుడ్డ లేకపోతేనేం, చేతికి దొరికిన కొద్దిపాటి నూలు దారం ఉంది కదా అని ఆడవాళ్లు నీలిరంగు నార బట్ట మీద ఆ తెల్ల దారంతో సందులన్నీ పూడ్చుకుంటూ కుట్టుకొచ్చారు. సందులు మూసుకుంటే బట్టలో గాలి కదలకుండా నిలుస్తుంది, కదలని గాలి వేడిని బయటికి పోనివ్వదు. ఆ కుట్టుకు కోగిన్ అని పేరు. నిలువు పోగులను బేసి సంఖ్యలో లెక్కపెట్టి సూది దించుతారు. పక్కనే ఉన్న నంబు ప్రాంతం వాళ్లు సరి సంఖ్యలో లెక్కపెడతారు. బట్ట చూస్తే మనిషి ఏ దిక్కు వాడో తెలిసేది.

ఎడో పట్టణంలో, అంటే ఇప్పటి టోక్యోలో, మంటలార్పేవాళ్ల కోట్లూ ఇట్లా పొరలు పొరలుగా కుట్టినవే. మంటలోకి దిగేముందు కోటు మీద నీళ్లు కుమ్మరించుకునేవారు. మందపాటి పొరలు నీటిని పట్టి ఉంచేవి. కిలో నీటిని మామూలు వేడిమి నుంచి మరిగే దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, మరిగాక దాన్ని ఆవిరి చేయడానికి దానికి దాదాపు ఏడు రెట్లు కావాలి. ఆ వేడంతా నీరు మింగుతున్నంతసేపు మనిషి ఒళ్లు కాలదు. ఇంకో సంగతి ఉంది. నార, పత్తి పీచులు తడిసినప్పుడు బలహీనపడవు, ఇంకాస్త గట్టిపడతాయి. ఇప్పటికీ జూడో ఆడే పిల్లల కోటు తాకి చూస్తే బియ్యపు గింజల్లా ఉబ్బెత్తుగా తగులుతుంది. అది అదే కుట్టు నేతలోకి వచ్చిన రూపం. అవతలివాడు కాలర్ పట్టి లాగినా చినగకూడదని.

ఇక బలం ఎక్కణ్నుంచి వస్తుందో చూద్దాం. దానికి మూడు కారణాలున్నాయి.

మొదటిది పొరల సంగతి. ఒకే కొలత ఉన్న రెండు పలచని అట్టముక్కలు తీసుకోండి. ఒకదాని మీద ఒకటి పెట్టి వంచండి. ఒక అట్టను వంచడానికి పట్టిన బలానికి రెట్టింపు పడుతుంది. ఇప్పుడు వాటిని పూర్తిగా జిగురు పెట్టి అతికించి, ఆరాక వంచండి. రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లు పడుతుంది. పొరలు ఒకదాని మీద ఒకటి జారలేకపోతే బిరుసుతనం మందం ఘనంతో పెరుగుతుంది, రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. కుట్టు ఈ రెంటికీ నడుమ ఉంటుంది. పొరలను కాస్త పట్టి ఉంచుతుంది, కాస్త జారనిస్తుంది. అందుకే బొంత చాపలాగా బిరుసుగా ఉండదు, విడి చీరల కుప్పలాగా జారిపోదు.

రెండోది చిరుగు నడక. పాత పంచెకు అంచున చిన్న గాటు పెట్టి లాగితే సర్రున చినుగుతుంది. చిరుగు కొసన ఉన్న ఒక్క పోగు మీదే బలమంతా పడుతుంది, అది తెగగానే తర్వాతి దాని వంతు వస్తుంది. కుట్టు వరస అడ్డం వస్తే అక్కడ కథ మారుతుంది. వరిమడిలో నీళ్లు ఎక్కువై ఒక ఒడ్డు తెగినా, పక్క ఒడ్డు గట్టిగా ఉంటే ఊరి పొలమంతా మునగదు కదా, చిరుగుకు కుట్టు వరస అట్లాంటి ఒడ్డు. అక్కడ బలం ఒక్క పోగు మీద కాక దారం మీద, కింది పొర మీద, చుట్టుపక్కల పోగుల మీద పంచబడుతుంది.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. కుట్టిన దారం గుడ్డ మట్టం కన్నా కొంచెం ఎత్తున ఉంటుంది. జేబులో రాపిడి మొదట తగిలేది దానికే. గుడ్డ నూగు లేవకముందే దారం నూగు లేస్తుంది. దారం అరిగితే పీకేసి ఇంకో దారం ఎక్కించవచ్చు, గుడ్డ అరిగితే ఏమీ చేయలేం. అరుగుదలను ఎవరూ ఆపలేరు. అది దేని మీద పడాలో మాత్రం మన చేతిలో ఉంది.

ఇది జపాన్ వాళ్లకే తెలిసిన విద్య కాదు. మా దిక్కు పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, అంచుల నుంచి నడుమకు చుట్టూ చుట్టూ కుట్టుకుంటూ పోతారు. బోధన్ దాటి నాందేడ్ వైపు పోతే అదే గోధడి. నిజామాబాద్ చుట్టుపక్కల తండాల్లో లంబాడీ ఆడవాళ్లు గవ్వలు, అద్దాలు పెట్టి కుట్టే సంచుల కింద కూడా దగ్గర దగ్గరగా పొడికుట్టు ఉంటుంది. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని దేశాలు తిరిగిన జనం వాళ్లు. సంచి చినిగితే సరుకంతా దారిపాలు. దారం చవక, గుడ్డ ప్రియం అయిన చోటల్లా మనుషులు ఈ కిటుకునే పట్టుకున్నారు.

సరే, ఆ నీలం సంగతి ఏమిటి? అక్కడికి వస్తే బోధన్ వాడిని, చక్కెర ముచ్చట లేకుండా ఉండలేను.

నీలిమందు వింత పదార్థం. నీళ్లలో కరగదు. కరగనిది గుడ్డలోకి ఎట్లా పోతుంది? క్షారం ఉన్న నీళ్లలో దాని ఆక్సిజన్ పట్టు సడలించాలి, అంటే దానికి ఎలక్ట్రాన్లు ఇవ్వాలి. అప్పుడది పసుపుపచ్చ రంగుకు మారి కరుగుతుంది. అందులో గుడ్డ ముంచి తీస్తే పసుపుపచ్చగా వస్తుంది. గాలి తగలగానే మన కళ్ల ముందే ఆకుపచ్చ, ఆ వెంటనే నీలం. గాలిలోని ఆక్సిజన్ మళ్లీ దాన్ని కరగని రంగుగా మార్చింది, కానీ ఈసారి అది పీచు లోపల చిక్కుకుంది.

జపాన్‌లో షికోకు దీవిలోని తోకుషిమా ప్రాంతం నీలికి పెట్టింది పేరు. అక్కడి నీలిమొక్క మన నీలిచెట్టు కాదు, వేరే కుటుంబానిది. దాని ఎండుటాకులను తడుపుతూ, తిరగేస్తూ సుమారు 100 రోజులు మాగబెట్టి, దాన్ని బూడిద నీళ్లు, సున్నం, గోధుమ తవుడు కలిపిన తొట్టిలో పులియబెడతారు. తవుడు తిన్న సూక్ష్మజీవులు ఆ ఎలక్ట్రాన్లు ఇచ్చే పని చేస్తాయి. మన దేశంలో నీలి కుండలో సున్నం, తగిరిస గింజలు, బెల్లం వేసేవారు. తవుడు పని బెల్లం చేస్తుంది.

“తాత, బెల్లమెందుకు? చక్కెర వేస్తే కాదా?”

మంచి ప్రశ్న. చక్కెర అంటే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అనే రెండు చిన్న చక్కెరలు కలిసిన జంట. ఎలక్ట్రాన్లు ఇవ్వగల కొసలు ఏవైతే ఉన్నాయో, సరిగ్గా ఆ కొసల దగ్గరే రెండూ అతుక్కుని ఉంటాయి. కాబట్టి తెల్ల చక్కెర నీలి కుండలో నేరుగా పని చేయదు. బెల్లంలో విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కొంత ఉంటాయి, అవి వెంటనే పనిలో దిగుతాయి. సూక్ష్మజీవులకు తిండి కూడా దొరుకుతుంది. ఫ్రాన్సుకు చెందిన రంగుల నిపుణుడు మిషెల్ గార్సియా ఈ సూత్రాన్నే తేలిక చేసి చెప్పాడు: నీలిమందు 1 పాలు, సున్నం 2 పాళ్లు, ఫ్రక్టోజ్ 3 పాళ్లు. పులియబెట్టే వారాల పని పూటలోకి వచ్చింది.

మా రైతులకు ఇందులో ఇంకో ముచ్చట ఉంది. నిజాంసాగర్ నీళ్లు 1931 తర్వాత ఈ నేలకు వచ్చాయి. మంజీర నీటితో చెరకు పెరిగింది. 1937లో షక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో నరికిన చెరకు బండ్ల మీద ఎండలో నిలిచిపోతే అందరికీ గుబులే. ఆలస్యమైన కొద్దీ చెరకులోని చక్కెర జంటలు గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా విడిపోతాయి. విడిపోయినవి పలుకు కట్టవు, మడ్డిలోకి పోతాయి, రికవరీ, అంటే చెరకు నుంచి దిగే చక్కెర, పడిపోతుంది. చక్కెర చేసేవాడికి నష్టమైన ఆ విడిపోవడమే నీలి కుండ పెట్టేవాడికి కావలసింది. రసాయనం ఒక్కటే, లాభనష్టాలు మాత్రం ఏం చేయబోతున్నామన్న దాన్ని బట్టి.

నీలిరంగు పీచు లోపల చిక్కుకుంటుందని చెప్పాను కదా, గట్టి రసాయన బంధంతో అతుక్కోదు. అందుకే రుద్దిన చోట పై పొర కొద్ది కొద్దిగా రాలుతుంది. జీన్స్ మోకాళ్ల దగ్గర తెల్లబడేది దీనివల్లే. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ ఫ్యాక్టరీ నీలిమందును బజారులోకి తెచ్చింది. మన నీలి తోటలు మూతపడ్డాయి. కానీ ఫ్యాక్టరీ నీలి కూడా అణువుగా అదే కాబట్టి అదీ అట్లాగే రాలుతుంది. చాలాసార్లు కొద్దికొద్దిగా ముంచి తీస్తే రంగు లోతుగా దిగుతుంది, ఒక్కసారే చిక్కని కుండలో నానబెడితే పైపైన పేరుకుని చేతులకు అంటుతుంది. పర్సుకు నీలం అందంతో పాటు ఒక కొలబద్ద. ఎక్కడ తెల్లబడుతోందో చూస్తే మన పర్సు ఎక్కడ రుద్దుకుంటోందో తెలిసిపోతుంది, కొత్త కుట్టు ఎక్కడ వేయాలో గుడ్డే చూపిస్తుంది.

కుట్టు, నీలి తర్వాత మూడో పద్ధతి జపాన్‌లో కాకిషిబు. పర్సిమన్ పండు ఉంది కదా, హిమాచల్‌లో జపానీ ఫల్ అని పండిస్తారు, దాని పచ్చి వగరు కాయలను దంచి, రసం పిండి, పులియబెట్టి, ఏడాదో రెండేళ్లో మాగనిస్తారు. కంపు భరించలేం. ఆ రసాన్ని కాగితం మీద, చేపల వలల మీద, గొడుగుల మీద, బియ్యపు సారా పిండే నూలు సంచుల మీద పూతలు పూతలుగా పూసేవారు. అట్లా ఏళ్ల తరబడి సారా వడగట్టిన పాత సంచుల గుడ్డతో ఇప్పుడు అక్కడ పర్సులు కుడుతున్నారు. ఇటుక రంగు, తోలు లాంటి బిగువు.

పర్సిమన్ చెట్టు మనకు పరాయిది కాదు, మన తునికి చెట్టుకు దగ్గరి చుట్టం. రెండూ డయోస్పైరోస్ జాతే. నిజామాబాద్ జిల్లాలో తునికాకు తెలియని ఇల్లుందా? ఎండాకాలంలో అడవిలో ఆకు కోసి, 50 ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఎండబెడతారు. ఆ ఆకుతోనే మా ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టి పిల్లల ఫీజులు కట్టారు. ఆకు అందరికీ తెలుసు, కాయ గురించి ఎవరూ మాట్లాడరు. పండింది తియ్యగా ఉంటుంది. పచ్చిది కొరికితే నాలుక బిగుసుకుపోతుంది. పచ్చికాయలోని టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టేసి ముద్దగా చేస్తాయి, జారుడు పోయి నోరు గరగరలాడుతుంది. మన దగ్గర తంగేడు చెక్కతో తోళ్లు ఊనినప్పుడు జరిగేదీ ఇదే, టానిన్ చర్మంలోని ప్రొటీన్‌ను పట్టుకుంటుంది.

నూలులో ప్రొటీన్ లేదు. అందువల్ల టానిన్ పీచు సందుల్లోకి ఇంకి, గాలికి, ఎండకు ఒకదానితో ఒకటి అల్లుకుని కరగని పొరగా మారుతుంది. అందుకే కాకిషిబు పూసిన గుడ్డ నెలల తరబడి ముదురుతూనే ఉంటుంది. నీరు తొందరగా ఇంకదు, బూజు పట్టదు. బెంగాల్ జాలరులు తునికికే మరో చుట్టమైన గాబ్ కాయ రసాన్ని వలలకు, పడవలకు పూశారు. రెండు తీరాలు, ఒకరినొకరు చూడని మనుషులు, ఒకే జాతి చెట్టు, ఒకే పని.

టానిన్ పూతతో ఒక చిక్కుంది. పూత మందమైతే గుడ్డ బిరుసవుతుంది, పోగులు జరగలేవు. జరగలేని పోగులు బరువు పంచుకోలేవు. గంజి ఎక్కువైన చీర మడత దగ్గర చినిగేది ఇందుకే. కాబట్టి పలచని పూతలు, ఒకటి పూర్తిగా ఎండాక ఇంకొకటి. ఇనుము దగ్గరికి రానీయొద్దు. టానిన్, ఇనుము కలిస్తే సిరా నలుపు వస్తుంది. తుప్పు పట్టిన పిన్నీసు పెట్టినా మచ్చ పడుతుంది, కాలక్రమేణా అక్కడ గుడ్డ చివికిపోతుంది.

ఇప్పుడు మనం ఒక పర్సు కుడదాం. పాత నూలు లుంగీయో పంచెయో తీసుకోండి, ఇప్పటికే చాలాసార్లు ఉతికింది కాబట్టి ఇక కుంచించుకుపోదు. 20 సెంటీమీటర్ల వెడల్పు, 22 పొడవు ముక్కలు రెండు కత్తిరించి ఒకదాని మీద ఒకటి పరవండి. పెన్సిలుతో సెంటీమీటరుకో గీత గీయండి. ముందువైపు కుట్టు మూడు పాళ్లు, వెనకవైపు సందు రెండు పాళ్లు, జపాన్ వాళ్ల లెక్క ఇది. అరిగే వైపు దారం ఎక్కువ కనబడాలి. దారం బిగించొద్దు. ఒక వరస కాగానే వేళ్లతో గుడ్డను సాఫు చేసి, మలుపు దగ్గర చిన్న వదులు వదలండి. బిగిస్తే గుడ్డ ముడతలు పడి, ఆ ముడతల శిఖరాలే ముందు అరుగుతాయి.

మడత వచ్చే చోట జాగ్రత్త. మడత గీత వెంట కుట్టొద్దు, సూది రంధ్రాలన్నీ ఒకే వరసలో పడి గుడ్డ అక్కడే విడుస్తుంది. మడతకు అడ్డంగా కుట్లు దాటించండి, లోపల ఇంకో గుడ్డ పట్టీ వేయండి. మూలల్లో కుట్లు దగ్గర చేయండి. చిల్లర అరకు మూడో పొర పెట్టండి. సున్నంతో నీలి కుండ పెట్టాలనుకుంటే మాత్రం పెద్దవాళ్లు దగ్గరుండాలి, చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పవు. సున్నం కంట్లో పడితే చూపుకే ముప్పు.

“తాత, నైలాన్ దారంతోటి కుడితే ఇంక తెగనే తెగదు గదా?”

ఇది అందరికీ వచ్చే ఆలోచన. పరీక్ష చేసి చూడండి. ఒకే గుడ్డ ముక్కలు రెండింటిని, ఒకటి నూలు దారంతో, ఒకటి నైలాన్ దారంతో ఒకే విధంగా కుట్టి, ఇసుక కాగితం మీద ఒకే బలంతో రుద్దుతూ లెక్కపెట్టండి. అటూ ఇటూ గట్టిగా లాగండి కూడా. ఏది ముందు తెగిందో చూడండి. దారం ముందు తెగితే మీ పర్సు బాగున్నట్టు, సూది తీసి ఆ వరస మళ్లీ వేసుకోండి. దారం చెక్కుచెదరక గుడ్డనే కోసుకుపోతే ఆ దారం మీ గుడ్డకు మించిన బలంది, మార్చేయండి.